ఏడు వేల సీట్లు, ఎనిమిది కోట్ల పౌండ్లు: స్టేడియం పెంచితే ఫుట్‌బాల్ క్లబ్బుకు మిగిలేదెంత?

ప్రతి మ్యాచ్‌కూ హౌస్‌ఫుల్. సీజన్ టికెట్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు వేలల్లో ఉన్నారు. అలాంటి క్లబ్బు ఇంకో స్టాండ్ కట్టేస్తే డబ్బు దానంతటదే వచ్చి పడుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేయడం మొదలుపెట్టాక మెలికలు బయటపడతాయి. కట్టే సీట్లలో లాభం తెచ్చేవి ఏవి, అప్పు ఎవరి పేరున ఉంటుంది, పని మధ్యలో కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే ఏమవుతుంది, జట్టు కింది డివిజన్‌కు జారితే ఆ సీట్లలో ఎవరు కూర్చుంటారు అన్నవి తేలితే తప్ప పెంచాలో వద్దో చెప్పలేం.

ఈ లెక్క అర్థం కావడానికి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ క్లబ్బు సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌ను మించిన ఉదాహరణ లేదు. సుమారు 45 వేల సీట్లున్న ఆ స్టేడియాన్ని రెండు విడతల్లో 61 వేలకు పెంచారు. మొదటి విడతలో మెయిన్ స్టాండ్‌కు సుమారు 8,500 సీట్లు కలిపి 2016 సెప్టెంబర్‌లో తెరిచారు. రెండో విడతలో ఆన్‌ఫీల్డ్ రోడ్ వైపు 7 వేల సీట్లు కలిపారు. ఆ పని 2021లో మొదలై 2024 మొదట్లో పూర్తయింది.

అంతకుముందు కథ వేరు. 2007లో క్లబ్బును కొన్న టామ్ హిక్స్, జార్జ్ జిలెట్ పక్కనే ఉన్న స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కడతామన్నారు. 60 రోజుల్లో పార పడుతుందని మాట ఇచ్చారు. ఆ పార పడనే లేదు. 2010 అక్టోబర్‌లో 30 కోట్ల పౌండ్లకు క్లబ్బు చేతులు మారింది. కొత్త యజమానులు రెండేళ్లు ఆలోచించి 2012లో ఉన్నచోటే పెంచుదామని తేల్చారు. ఆ నిర్ణయం వెనక ఉన్న తర్కమే ఈ మొత్తం వ్యవహారానికి గుండెకాయ.

కొత్త స్టేడియం కడితే, ఇప్పటికే ఉన్న సీట్లను కూడా మళ్లీ డబ్బు పోసి కట్టుకోవాలి. ఆ పాత 45 వేల సీట్లూ ఇప్పటికే అమ్ముడవుతున్నవి. వాటిని కొత్తగా కట్టినంత మాత్రాన టికెట్ ఆదాయం పెద్దగా పెరగదు. అందుకే మొత్తం ఖర్చును మొత్తం సీట్లతో భాగిస్తే లెక్క తప్పుతుంది. అదనంగా వచ్చిన సీట్లతోనే భాగించాలి. మెయిన్ స్టాండ్‌కు దాదాపు 11 కోట్ల పౌండ్లు అయింది. అంటే ఒక్కో కొత్త సీటుకు 13 వేల పౌండ్లు. ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ అంచనా ఖర్చు 8 కోట్లు. సీటుకు 11,400 పడింది. లండన్ క్లబ్బు ఆర్సెనల్ 2006లో 38 వేల సీట్ల హైబరీని వదిలి 60 వేల సీట్ల ఎమిరేట్స్‌కు మారడానికి 39 కోట్లు పెట్టింది. అదనపు సీటుకు సుమారు 18 వేలు. టాటెన్‌హామ్ 36 వేల సీట్ల పాత మైదానాన్ని కూల్చి, 2019లో సుమారు 62 వేల సీట్లతో కొత్తది తెరిచింది. మొత్తం ఖర్చు 100 కోట్ల పౌండ్ల చుట్టూ తేలింది. అదనపు సీటుకు 38 వేలు దాటింది. అంత పెట్టాక దాన్ని ఒక్క ఫుట్‌బాల్‌తో రాబట్టడం కష్టం. అందుకే టాటెన్‌హామ్ పచ్చిక కింద అమెరికన్ ఫుట్‌బాల్ కోసం ఇంకో మైదానం పరిచింది, కచేరీలకు అద్దెకిస్తోంది.

అన్ని సీట్లకూ ఒకే ఖర్చు అవుతుందనుకోవడం రెండో పొరపాటు. స్టాండ్‌లో పైకి వెళ్లేకొద్దీ ఒక్కో వరుస కట్టడానికి ఖర్చు పెరుగుతుంది, అమ్మకం ధర తగ్గుతుంది. కారణం చూపు. కూర్చున్న మనిషి కంటి నుంచి పచ్చిక అంచుకు గీత గీస్తే, అది ముందు వరుసలోని మనిషి కంటికి ఎంత ఎత్తున పోతుందన్నదే కొలత. దీన్ని సీ-వాల్యూ అంటారు. 90 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా కనిపిస్తుంది, 60 కంటే తగ్గితే మెడ సాగదీయాల్సిందే. వెనక వరుసలకు ఆ 90 మిల్లీమీటర్లు దక్కాలంటే మెట్టు ఎత్తు పెంచుతూ పోవాలి. బ్రిటన్ భద్రతా మార్గదర్శకాల ప్రకారం స్టాండ్ వాలు 34-35 డిగ్రీల హద్దు దాటకూడదు. వాలు ఆ హద్దుకు చేరాక కొత్త వరుసలు మైదానానికి దూరంగా జరగడం తప్ప దారి లేదు. అవి దూరం జరిగితే పైకప్పు పొడవు పెరుగుతుంది. స్తంభాలు పెడితే చూపుకు అడ్డం కాబట్టి ఉక్కు దూలం మీదే భారమంతా పడుతుంది. ఆన్‌ఫీల్డ్ మెయిన్ స్టాండ్ పైకప్పును మోసే దూలం పొడవు 140 మీటర్లు, బరువు 650 టన్నులు.

బయటికి వెళ్లే దారి ఖర్చు చాలామందికి తట్టదు. మ్యాచ్ అయ్యాక జనం 8 నిమిషాల్లో సీట్ల దగ్గర నుంచి బయటపడాలి. మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది, చదునైన దారిలో 82 మంది నడుస్తారని లెక్క. 66ను 8తో గుణిస్తే 528. అంటే 7 వేల మంది కోసం మొత్తం 13 మీటర్లకు పైగా వెడల్పున్న మెట్లు కావాలి. ఆ మెట్లు ఆక్రమించే చోటులో సీటు ఉండదు, దుకాణం ఉండదు, పైసా రాదు. ఈ లెక్కతో బేరమాడే ప్రసక్తే లేదు. 1989లో హిల్స్‌బరో తొక్కిసలాటలో కన్నుమూసిన 97 మంది లివర్‌పూల్ అభిమానులు గుర్తుంటే ఎవరూ బేరమాడరు. ఎంతమందిని లోపలికి పంపవచ్చో స్థానిక కౌన్సిల్ భద్రతా ధ్రువపత్రంలో రాసి ఇస్తుంది. ఎన్ని సీట్లు బిగించినా ఆ అంకె దాటి ఒక్క టికెట్ కూడా అమ్మకూడదు.

ఇక డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో చూద్దాం. ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్‌లో పెరిగిన 7 వేల సీట్లలో 5,200 మామూలువి. మిగతా 1,800 హాస్పిటాలిటీ సీట్లు, అంటే భోజనం, లాంజ్‌తో కలిపి అమ్మేవి. దాదాపు ఇదే కొలతతో ఊహా లెక్క ఒకటి వేద్దాం. ధరలు మనం అనుకున్నవే, ఏ క్లబ్బు ఖాతా పుస్తకంలోవీ కావు.

మామూలు టికెట్ సగటున 50 పౌండ్లు అనుకుందాం. బ్రిటన్‌లో టికెట్ ధరలోనే 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది కాబట్టి క్లబ్బుకు చేరేది 41.67 పౌండ్లు. ఏడాదికి 25 హోమ్ మ్యాచ్‌లు అనుకుంటే 5,200 సీట్లకు సుమారు 54 లక్షల పౌండ్లు. హాస్పిటాలిటీ టికెట్ 240 పౌండ్లు అనుకుందాం. వ్యాట్ పోగా 200, భోజనం, సిబ్బంది ఖర్చు 70 పోగా 130. 1,800 సీట్లకు 25 మ్యాచ్‌ల మీద 58 లక్షలు పైచిలుకు. నాలుగో వంతు సీట్లు సగానికి పైగా డబ్బు తెస్తున్నాయన్నమాట. రెండూ కలిపితే కోటీ 12 లక్షలు. అందులో స్టీవార్డులు (జనాన్ని అదుపు చేసే సిబ్బంది), శుభ్రత, బీమా, స్థానిక పన్నులకు 15 లక్షలు తీసేస్తే 98 లక్షల దాకా మిగులుతుంది.

ఇప్పుడు అప్పు. 8 కోట్లు 6 శాతం వడ్డీకి 25 ఏళ్ల వాయిదాలతో తెస్తే ఏటా కట్టాల్సింది దాదాపు 63 లక్షలు. చేతిలో మిగిలేది 35 లక్షల పౌండ్లు. సీట్లలో 15 శాతం ఖాళీగా ఉంటే ఆ మిగులు 18 లక్షలకు పడిపోతుంది. సీట్లన్నీ నిండి, కట్టుబడి ఖర్చు మాత్రం 30 శాతం పెరిగితే 17 లక్షల లోపే. ఈ రెండూ ఒకేసారి జరిగితే మిగిలేది సున్నా. ఒక్కో ఎదురుదెబ్బను తట్టుకునే ప్రాజెక్టు రెండు కలిసి వస్తే తట్టుకోలేదు. బోర్డు ముందు పెట్టే అంచనాల్లో ఈ నాలుగు గీతలూ పక్కపక్కన కనిపించాలి. చాలాచోట్ల మొదటి గీత ఒక్కటే చూపిస్తారు.

అన్నీ బాగా జరిగినా ఆ 35 లక్షలు ఎంత మొత్తం? 2023-24లో లివర్‌పూల్ జీతాల ఖర్చు 38.6 కోట్ల పౌండ్లు. అందులో ఇది ఒక శాతానికి కూడా చాలదు. ఆ ఏడాది ఇంగ్లండ్ అగ్ర డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ పట్టికలో ఒక్క స్థానం పైకి ఎక్కితే దక్కే అదనపు సొమ్మే సుమారు 28 లక్షలు. స్టాండ్ కడితే పెద్ద పెద్ద ఆటగాళ్లను కొనేస్తామనే ఆశ అందుకే నిలవదు. అప్పు తీరాక, 25 ఏళ్ల తర్వాత, వచ్చేదంతా క్లబ్బుదే. లాభం ఉన్నది అక్కడ. పదేళ్లలో క్లబ్బును అమ్మేసే ఆలోచనున్న యజమానికీ, తరతరాలుగా అక్కడే ఉండే అభిమానికీ ఒకే స్టాండ్ వేర్వేరుగా కనిపించేది కూడా ఇక్కడే.

అసలు ఖాతాలు ఏం చెప్పాయి? లివర్‌పూల్ మ్యాచ్ రోజు ఆదాయం 2015-16లో 6.2 కోట్ల పౌండ్లు. మెయిన్ స్టాండ్ తెరిచిన 2016-17లో 7.4 కోట్లు. ఆ రెండో సీజన్‌లో జట్టు యూరప్ పోటీల్లో లేదు, అంటే హోమ్ మ్యాచ్‌లు తగ్గాయి. అయినా 1.2 కోట్లు పెరిగింది. 11 కోట్ల పెట్టుబడి మీద ఇది గట్టి రాబడి. పైగా ఆ డబ్బును యజమానులే తక్కువ వడ్డీకి అప్పుగా ఇచ్చారు, మార్కెట్ వడ్డీ పడలేదు. ఆన్‌ఫీల్డ్ రోడ్ విషయంలో అంత తేలిగ్గా తీర్పు చెప్పకూడదు. 2022-23లో 8 కోట్లున్న మ్యాచ్ రోజు ఆదాయం మరుసటి ఏడాది 10.2 కోట్లకు పెరిగింది. ఆ పెరుగుదలంతా కొత్త సీట్ల ఖాతాలో రాస్తే తప్పు. ఆ సీజన్‌లో కప్ మ్యాచ్‌లు ఎక్కువ ఇంట్లో ఆడారు, పై అంతస్తు సగం సీజన్ మూసే ఉంది. అదే ఏడాది క్లబ్బు మొత్తం ఆదాయం 61.4 కోట్లయినా పన్నుకు ముందు 5.7 కోట్ల నష్టం చూపించింది. స్టాండ్ నిండినంత మాత్రాన క్లబ్బు లాభాల్లో ఉండదు.

సీట్ల సంఖ్య ఒక్కటే ఏమీ తేల్చదనడానికి లండన్‌లోనే సాక్ష్యం ఉంది. వెస్ట్ హామ్ ఆడే ఒలింపిక్ స్టేడియంలో సుమారు 62,500 సీట్లు. టాటెన్‌హామ్‌లో 62,850. వెస్ట్ హామ్ మ్యాచ్ రోజు ఆదాయం టాటెన్‌హామ్‌ది చూస్తే సగానికి కూడా తూగదు. వెస్ట్ హామ్ అక్కడ అద్దెకుంటుంది, హాస్పిటాలిటీ గదులు ఎలా కట్టాలో నిర్ణయించే హక్కు దానికి లేదు. స్టేడియం ఎవరిదన్న ప్రశ్న అన్నిటికంటే ముందు వేసుకోవాల్సింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ పరిస్థితీ ఆ ఊళ్లో ఆడినప్పుడు ఇంతే. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ప్రభుత్వానిది. అక్కడ ఒక లాంజ్ పెంచుకునే వెసులుబాటు కూడా క్లబ్బుకు ఉండేది కాదు.

ధర పెంచి లెక్క సరిచేద్దామంటే అభిమానులు ఊరుకోరు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కొత్త మెయిన్ స్టాండ్‌లో ఖరీదైన టికెట్‌ను 77 పౌండ్లుగా ప్రకటించింది. అంతకుముందు అత్యధికం 59. ఆ నెల 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో లివర్‌పూల్ 2-0తో ముందుంది. సరిగ్గా 77వ నిమిషంలో దాదాపు 10 వేల మంది లేచి గేట్ల వైపు నడిచారు. మిగిలిన 13 నిమిషాల్లో సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి మ్యాచ్‌ను డ్రా చేసింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి, 59 మీదే ఉంచి, రెండేళ్లు ధరలు కదపమన్నారు. వాళ్లు లేచి వెళ్లడం న్యాయమే. టీవీ ఒప్పందాలతో వందల కోట్ల పౌండ్లు వచ్చే లీగ్‌లో స్టాండ్ ఖర్చును వారం వారం వచ్చే మనిషి జేబు నుంచి రాబట్టాలనుకోవడం తప్పు. ఆ మనిషి గొంతే మైదానాన్ని మైదానంగా నిలబెడుతుంది. కాబట్టి అంచనాల్లో టికెట్ ధర ఏటా పెరుగుతుందని రాసుకోకుండా, పెరగదని అనుకునే లెక్క వేయాలి.

గిరాకీని కొలవడంలోనూ తప్పులు జరుగుతాయి. మొదటి వారం హౌస్‌ఫుల్ బోర్డు చూసి థియేటర్ పెద్దది చేయడం ఎంత తెలివైన పనో, మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ రోజు రద్దీ చూసి స్టాండ్ కట్టడం అంతే. చూడాల్సింది వానపడే బుధవారం రాత్రి, కింది డివిజన్ జట్టుతో జరిగే కప్ మ్యాచ్. ఆ రోజు ఎన్ని సీట్లు అమ్ముడయ్యాయి, అమ్ముడైనవాటిలో ఎంతమంది నిజంగా గేటు దాటారు అన్నది టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు) లెక్కల్లో ఉంటుంది. సీజన్ టికెట్ జాబితాలో పేరు రాసుకోవడానికి ఖర్చేమీ లేదు. పిలిస్తే వచ్చేది అందులో కొందరే. కొత్త హాస్పిటాలిటీ అమ్మకాల్లో ఇంకో మాయ ఉంది. కొన్నవాళ్లలో కొందరు పాత స్టాండ్‌లోని లాంజ్ వదిలి వచ్చినవాళ్లే. అక్కడ ఖాళీ అయింది తీసేశాకే కొత్త ఆదాయం ఎంతో తెలుస్తుంది.

జట్టు జారితే ఏమవుతుందో సండర్‌లాండ్ చూపించింది. 2000లో తన స్టేడియాన్ని 49 వేలకు పెంచుకున్న ఆ క్లబ్బు 2003లో ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడింది. 2018-19లో మూడో డివిజన్‌లో ఆడుతున్నప్పుడు కూడా సగటున 32 వేల మంది వచ్చారు. ఆ ఊరి అభిమానానికి చేతులెత్తి మొక్కాలి. అయినా మూడో వంతు సీట్లు ఖాళీ.

డార్లింగ్టన్ అంతకంటే విషాదం. లక్ష జనాభా ఉన్న ఊళ్లో, నాలుగో డివిజన్ క్లబ్బుకు 25 వేల సీట్ల స్టేడియం కట్టి 2003 ఆగస్టులో తెరిచారు. మొదటి మ్యాచ్‌కే 11,600 మంది వచ్చారు, మళ్లీ అంతమంది రాలేదు. డిసెంబర్‌కల్లా క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. చివరి ఏళ్లలో 25 వేల సీట్ల మధ్య రెండు వేల మంది కూర్చునేవారు. దీపాలు, వేడి నీళ్లు, పచ్చిక, సిబ్బంది ఖర్చులు మాత్రం సీట్ల సంఖ్యకు తగ్గట్టే వచ్చేవి. 2012లో ఆ స్టేడియం వదిలేసి, నాలుగు మెట్లు కిందికి జారి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

కట్టే పనిలో వచ్చే చిక్కులు ఆన్‌ఫీల్డ్‌లో రెండు విడతల్లోనూ కనిపించాయి, ఫలితాలు మాత్రం వేరు. మెయిన్ స్టాండ్‌ను పాత స్టాండ్ వెనకాలే లేపారు. ముందు మ్యాచ్‌లు జరుగుతూనే ఉన్నాయి, వెనక ఉక్కు లేస్తూనే ఉంది. 2016 వేసవి విరామంలో పాత పైకప్పు తీసి రెండింటినీ కలిపారు. పని పూర్తి కావడానికి వ్యవధి కావాలని ఆ సీజన్ మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లు బయట ఆడేలా ముందే కుదుర్చుకున్నారు. టికెట్ ఆదాయం దాదాపు పోలేదు. రెండో విడతలో 2023 ఆగస్టు-సెప్టెంబర్‌లో, స్టాండ్ ఇక పూర్తవుతుందనగా, ప్రధాన కాంట్రాక్టర్ బకింగ్‌హామ్ గ్రూప్ దివాలా తీసింది. కాంట్రాక్టర్ కూలితే ఆగేది ఒక్క పని కాదు. అతని కింద ఉన్న విద్యుత్, ప్లంబింగ్, అగ్నిమాపక పనుల చిన్న కాంట్రాక్టర్లకు బకాయిలు నిలిచిపోతాయి. ఏ బోల్టు బిగించారో, ఏ తీగ పరీక్షించారో చెప్పే కాగితాలు చెల్లాచెదురవుతాయి. ఆ కాగితాలు లేకపోతే భద్రతా ధ్రువపత్రం రాదు. కొత్త సంస్థ వచ్చి అన్నీ తిరిగి సరిచూసుకోవాలి. ఆగస్టులో తెరవాల్సిన పై అంతస్తు డిసెంబర్ 17న యునైటెడ్ మ్యాచ్‌కు కొంత భాగమే తెరుచుకుంది. ఆ రోజు 57 వేల మంది దాటారు. ఫిబ్రవరిలో బర్న్‌లీ మ్యాచ్ నాటికి 59,896.

ఇలాంటి దెబ్బ నుంచి కాపాడేవి ఒప్పందంలోనే ఉంటాయి. ఒప్పంద విలువలో పదో వంతుకు బ్యాంకు హామీ తీసుకోవాలి. కాంట్రాక్టర్ పడిపోతే చిన్న కాంట్రాక్టర్లతో క్లబ్బే నేరుగా మాట్లాడుకునే హక్కు రాయించుకోవాలి. పరీక్షల కాగితాలు నెలనెలా క్లబ్బు చేతికి రావాలి. మరీ తక్కువకు కోట్ చేసినవాణ్ని చూసి మురిసిపోకుండా అనుమానించాలి.

ఇన్ని చిక్కులున్నా ప్రీమియర్ లీగ్ క్లబ్బులు పెంచడానికి ఎగబడటం వెనక ఇంకో కారణం ఉంది. 2025-26 సీజన్ దాకా అమల్లో ఉన్న లీగ్ నిబంధనల ప్రకారం మూడేళ్లలో చూపగలిగే నష్టం గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్లు. ఆటగాడి మీద పెట్టిందంతా ఆ లెక్కలోకి వచ్చేది. స్టేడియం నిర్మాణంపై ఏటా రాసే తరుగుదల వచ్చేది కాదు. కొత్త సీట్ల ఆదాయం మాత్రం వచ్చేది. ఖర్చు బయట, రాబడి లోపల! అందుకే ఇటుకల మీద పెట్టిన పౌండు ఆటగాడి మీద పెట్టినదానికంటే నిబంధనల దృష్టిలో తేలిక. వడ్డీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఎవర్టన్ తన కొత్త స్టేడియం కడుతూ 2023 నవంబర్‌లో 10 పాయింట్లు పోగొట్టుకుంది, అప్పీలులో అది 6కు తగ్గింది. ఆ కేసులో నలిగిన గొడవల్లో ఒకటి అప్పు వడ్డీని స్టేడియం ఖర్చుగా చూపవచ్చా అన్నదే. ఆ అప్పు స్టేడియం కోసమే తెచ్చిందని కాగితాల మీద విడిగా కనబడకపోవడం క్లబ్బుకు ఎదురుతిరిగింది.

ఆర్సెనల్ కథలో దాగిన ఖర్చు ఇంకొకటి. మ్యాచ్ రోజు ఆదాయం 4.4 కోట్ల నుంచి 9 కోట్లకు ఎగిసింది, 39 కోట్ల పెట్టుబడికి అది చక్కటి రాబడే. అయితే కట్టుబడి డబ్బు కోసం స్టేడియం పేరునూ, జెర్సీ ప్రకటననూ ఏళ్ల తరబడి ముందుగానే 10 కోట్ల ఒక్క ఒప్పందంలో కట్టబెట్టింది. తర్వాతి ఏళ్లలో ప్రత్యర్థులు జెర్సీని ఎన్నో రెట్లకు అమ్ముకుంటుంటే ఆర్సెనల్ పాత ధర దగ్గరే ఇరుక్కుంది. 2005 నుంచి 2014 దాకా ఒక్క ట్రోఫీ రాలేదు, ఫాబ్రెగాస్, వాన్ పెర్సీ లాంటి ఆటగాళ్లు వెళ్లిపోయారు. రేపటి ఆదాయాన్ని ఇవాళే అమ్ముకుంటే ఆ లోటు స్టేడియం ఖర్చు పట్టికలో ఎక్కడా కనిపించదు.

మొత్తమ్మీద పెంచడం తగిన పనేనా? స్టేడియం సొంతమై, వానరాత్రి కప్ మ్యాచ్‌కు కూడా నిండుతూ, పాత స్టాండ్ వెనక ఖాళీ స్థలం ఉండి, అదనపు సీటుకు ఖర్చు 15 వేల పౌండ్ల లోపు ఉంటే తగినదే. లివర్‌పూల్‌కు ఆ నాలుగూ కలిసొచ్చాయి. ఆ స్థలమైనా ఊరికే రాలేదు. చుట్టుపక్కల ఇళ్లు కొని కూల్చడానికి ఏళ్లు పట్టింది, ఆ ఏళ్లలో ఖాళీ ఇళ్ల మధ్య బతికిన కుటుంబాల బాధను ఏ ఖాతా లెక్కించదు. రెండో విడతలో ఏకంగా ఆన్‌ఫీల్డ్ రోడ్డునే స్టాండ్ చుట్టూ మళ్లించారు. ఇక మిగిలిన రెండు స్టాండ్లలో కెన్నీ డాల్‌గ్లీష్ స్టాండ్ వెనక వరుస ఇళ్లున్నాయి, కాప్ స్టాండ్ వెనక వాల్టన్ బ్రెక్ రోడ్డు ఉంది. ఇక ఆదాయం పెంచుకోవాలంటే ఆ క్లబ్బుకు ఉన్న దారి, మ్యాచ్‌లు లేని రోజులు. ఏడాదికి ఆరు పెద్ద కార్యక్రమాల దాకా జరుపుకోవడానికి ప్లానింగ్ అనుమతి తీసుకుంది. 2024 జూన్‌లో టేలర్ స్విఫ్ట్ అక్కడ వరుసగా మూడు రాత్రులు పాడింది.